ఏ నేలకు ఏ మెటల్ డిటెక్టర్? బీచ్ ఇసుక, బంగారు నేల, లంకెబిందెలు

"బావా, మీ ఆస్ట్రేలియాలో బంగారం పట్టే మిషన్లు ఉంటాయంట గదా. ఎంత లోతు పడుతుంది? ఇరవై అడుగులు పడితే ఒకటి చూడు, రేటు ఎంతైనా సరే."

మొన్న సంక్రాంతికి మా బామ్మర్ది ఫోన్‌లో అడిగిన మాట ఇది. వాడిది కర్నూలు జిల్లా, పత్తికొండ వైపు పల్లె. ఊరి బురుజు పక్కన లంకెబిందెలు ఉన్నాయని వాళ్ల జేజినాయన చెప్పిన కథ వాడి బుర్రలో ఇంకా తిరుగుతూనే ఉంది. సరిగ్గా అదే వారం, ఇక్కడ మెల్‌బోర్న్‌లో మా వీధి మిత్రుడొకాయన హడావుడిగా ఫోన్ చేశాడు. ఆల్టోనా బీచ్‌లో పిల్లలతో ఆడుతుంటే వాళ్లావిడ పుస్తెలతాడు తెగి నీళ్లలో పడిపోయింది. ఏ డిటెక్టర్ కొంటే దొరుకుతుందని అడిగాడు. ఆఫీసులో ఇంకో కుర్రాడు డనోలీ వైపు టెంట్ వేసుకుని బంగారం ఏరుతానని తిరుగుతున్నాడు. వాడికీ ఒక మెషీన్ కావాలి.

ముగ్గురికీ కావాల్సినవి మూడు వేరు వేరు మెషీన్లు. బామ్మర్దికైతే అసలు ఏదీ అక్కర్లేదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. ముగ్గురూ మొదట అడిగింది మాత్రం ఒకటే: ఎంత లోతు పడుతుంది?

డిటెక్టర్ కొనేటప్పుడు చివర్లో అడగాల్సిన ప్రశ్న అది. ముందు చూడాల్సింది నేల. తడి ఉప్పు ఇసుకా, ఇనుము కలిసిన ఎర్రమట్టా, పార్కులో పచ్చిక కింది నల్లమట్టా అన్నది తేలాలి. తర్వాత వస్తువు. రూపాయి బిళ్లంతదా, మెంతిగింజంతదా, బిందెంతదా? ఈ రెండూ తేలితే మెషీన్ దానంతటదే తేలుతుంది. ఇవి తేల్చుకోకుండా కొన్న ఖరీదైన మెషీన్ చాలావరకు గ్యారేజీలో మూల నిలబడుతుంది. మా గ్యారేజీలో నా మొదటిది అలాగే నిలబడింది.

లోతు లెక్క ఎందుకు తప్పుతుంది

డిటెక్టర్ కర్ర చివర, నేల మీద ఊపే పళ్లెంలాంటి దాన్ని కాయిల్ అంటారు. దానిలోంచి అయస్కాంత క్షేత్రం నేలలోకి వెళ్తుంది. అక్కడ లోహం ఉంటే దానిలో చిన్న సుడి కరెంట్లు పుడతాయి. వాటి క్షేత్రం తిరిగి పైకి వస్తే కాయిల్ దాన్ని వింటుంది. పోయేటప్పుడు దూరం పెరిగేకొద్దీ బలం పడిపోతుంది, వచ్చేటప్పుడూ అంతే. కాయిల్ వెడల్పు దాటిన తర్వాత లోతు రెట్టింపయితే తిరిగొచ్చే సిగ్నల్ దాదాపు 64వ వంతుకు పడిపోతుంది. సగం కాదు, నాలుగో వంతూ కాదు, 64వ వంతు. అందుకే ఎంత మంచి మెషీనైనా నాణెం సైజు వస్తువును మామూలు నేలలో 20, 25 సెంటీమీటర్ల లోతులో పట్టిందంటే బాగా పట్టినట్టే. "పది మీటర్లు" అని పెట్టె మీద అచ్చేసినవాడు భౌతికశాస్త్రాన్నైనా చదవలేదు, చదివి అబద్ధమైనా ఆడుతున్నాడు.

పెద్ద కాయిల్ వేస్తే కాస్త లోతుకు పోతుంది. అయితే చిన్న వస్తువు దాని కింద కనబడకుండా పోతుంది. చిన్న కాయిల్ లోతుకు పోదు, చెత్త మధ్యలో దాక్కున్న చిన్న వస్తువును మాత్రం విడదీసి పట్టుకుంటుంది. ఏది కావాలో వస్తువే చెప్పాలి.

మెషీన్లు ప్రధానంగా రెండు జాతులు. వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) అనేవి ఆగకుండా తరంగం పంపుతూ, తిరిగొచ్చే సిగ్నల్ ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి ఇది ఇనుము, ఇది వెండి, ఇది అల్యూమినియం రేకు కావచ్చు అని తెర మీద అంకె చూపిస్తాయి. పల్స్ ఇండక్షన్, అందరూ పీఐ అంటారు, కరెంటును దెబ్బ దెబ్బగా పంపి, ఆపి, ఆ నిశ్శబ్దంలో లోహం ఎంతసేపు మోగుతుందో వింటుంది. నేలలోని ఇనుప ఖనిజం, ఉప్పు నీళ్లు దీన్ని పెద్దగా కంగారు పెట్టలేవు. బదులుగా అది మేకుకూ బంగారానికీ తేడా చెప్పదు, చెప్పినా నమ్మదగ్గట్టు చెప్పదు. మోగిన చోటల్లా తవ్వాల్సిందే.

ఫ్రీక్వెన్సీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తక్కువ కిలోహెర్ట్జ్ పెద్ద వెండి, రాగి నాణేలకు బాగుంటుంది. ఎక్కువ కిలోహెర్ట్జ్ చిన్న బంగారు ముక్కలకు బాగుంటుంది. 45, 70 కిలోహెర్ట్జ్ మీద నడిచే మెషీన్లు బంగారం కోసమే పుట్టినవి. ఇప్పుడొస్తున్న చాలా మధ్యస్థాయి మెషీన్లు ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు వాడతాయి. బీచ్‌కి వెళ్లేవాళ్లకు ఆ మాట ప్రాణం.

బీచ్: పుస్తెలు పలికాయి, గొలుసు పలకలేదు

పొడి ఇసుకలో ఏ డిటెక్టరైనా పనిచేస్తుంది, రెండొందల డాలర్లదైనా సరే. ఇబ్బందంతా తడి ఇసుకలో. ఉప్పునీళ్లు కరెంటును మోస్తాయి కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే వీఎల్ఎఫ్ మెషీన్‌కు సముద్రం మొత్తం ఒక పెద్ద లోహపు ముక్కలా కనిపిస్తుంది. కాయిల్ ఊపిన ప్రతిసారీ గిలగిలా అరుస్తుంది. ఆ అరుపు ఆపడానికి సెన్సిటివిటీ తగ్గిస్తే, లోతు కూడా దాంతోనే పోతుంది.

నా మొదటి మెషీన్ ఆన్‌లైన్‌లో కొన్నది, కొన్న చోటు పేరెందుకు లెండి. "సముద్రతీరానికి ప్రత్యేకం" అని రాసుంది. ఆల్టోనాలో అల తగిలే చోటికి తీసుకెళ్లగానే మొదలైన కూత ఇంటికి వచ్చేదాకా ఆగలేదు. గంట తర్వాత గమనించాను, సగం కూతలు నా సేఫ్టీ బూట్లలోని ఇనుప టోపీకి వస్తున్నాయి. ఇనుప ముక్కున్న బూట్లతో డిటెక్టింగ్‌కి వెళ్లేవాడు నాలాంటి కొత్తవాడే.

కాబట్టి తడి ఇసుకకు రెండే దారులు: మల్టీ ఫ్రీక్వెన్సీ వీఎల్ఎఫ్, లేదా పీఐ. సరదాకు వెళ్లేవాళ్లకు మొదటిదే నా ఓటు. తక్కువలో మైన్‌ల్యాబ్ కంపెనీ వాన్‌క్విష్ 340, 440, 540 ఉన్నాయి. మూడూ మల్టీ ఫ్రీక్వెన్సీయే, తడి ఇసుకలో బుద్ధిగా నడుస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. వాటికి కాయిల్ మాత్రమే నీళ్లకు తట్టుకుంటుంది, పైనున్న పెట్టె తట్టుకోదు. అల వచ్చి నడుము దాకా కొట్టిందంటే డబ్బులు సముద్రానికి దక్షిణ ఇచ్చినట్టే. నీళ్లలోకి దిగేవాళ్లకు అదే కంపెనీ ఈక్వినాక్స్ 700 లేదా 900, నోక్టా లెజెండ్, కాస్త ఎక్కువ పెట్టగలిగితే ఎక్స్‌పీ డియస్ 2. ఈక్వినాక్స్ 700, 900 ఐదు మీటర్ల లోతు దాకా, డియస్ 2 ఇరవై మీటర్ల దాకా నీళ్లు తట్టుకుంటాయి. స్నార్కెల్ పెట్టుకుని ఈదుతూ వెతికేవాళ్లకు మైన్‌ల్యాబ్ ఎక్స్‌కాలిబర్ 2 లాంటి డైవింగ్ మెషీన్లు వేరే ఉన్నాయి, అరవై మీటర్ల దాకా పోతాయి. బరువెక్కువ. మనలో అంత లోతుకు దిగేవాళ్లు ఎందరున్నారు?

పీఐ ఎప్పుడు? నల్ల ఖనిజ ఇసుక మందంగా ఉండి, అలల్లో లోతైన చోట ఉంగరాలకోసమే వెతికేవాళ్లకు. గ్యారెట్ సీ హంటర్ లాంటివి ఆ పని బాగా చేస్తాయి. అయితే జనం తిరిగే బీచ్‌లో బాటిల్ మూతలన్నీ తవ్వుకుంటూ కూర్చోవాలి. నాకు నడుము నొప్పి ఉంది, నేను వద్దంటాను.

ఇప్పుడు మిత్రుడి పుస్తెలతాడు దగ్గరికి వస్తాను. సన్నటి గొలుసు డిటెక్టర్‌కు చాలా కష్టమైన వస్తువు. మనకు ఒకే గొలుసుగా కనిపించేది మెషీన్‌కు వందలాది చిన్న రింగులు. ఒక్కో రింగుదీ ఒక్కో గుసగుస, అన్నీ కలిసి ఒక గొంతు కావు. మూడు తులాల గొలుసు కన్నా అర తులం ఉంగరం గట్టిగా పలుకుతుంది. అందుకే అతనికి ముందే చెప్పాను, వెతికేది గొలుసును కాదు, పుస్తెలను అని. రెండు గుండ్రటి బిళ్లలు, 22 క్యారెట్లు, నాణెంలాగే మోగుతాయి.

మర్నాడు పొద్దున నీళ్లు వెనక్కి పోయిన సమయంలో, పిల్లలు ఆడిన చోటు చుట్టూ కర్రలు పాతి గీతలు గీసి, నా ఈక్వినాక్స్‌తో నాగలి చాళ్లలా ఒక్కో వరసా నడిచాం. మొదటి రెండు గంటల్లో ఎనిమిది రేకు ముక్కలు, మూడు డాలర్ నాణేలు, ఒక హెయిర్ క్లిప్. తర్వాత మోకాలి లోతు నీళ్లలో ఒక మెత్తటి, గుండ్రటి బీప్. పొడుగు పిడి స్కూప్‌తో ఇసుక ఎత్తి ఊపితే నీళ్లు కారిపోయి, అడుగున పసుపు దారానికి చిక్కుకుని ఒక పుస్తె మెరిసింది. గొలుసు దాని వెనకే వచ్చింది. అతని భార్య ఒడ్డున కూర్చుని ఏడుస్తూనే నవ్వింది. ఆ రోజు మధ్యాహ్నం వాళ్లింట్లో పులిహోర, ఆ పులిహోర రుచి ఇంకా నోట్లోనే ఉంది.

బీచ్‌లో ఇంకో పెద్ద పొరపాటు చెత్తను వదిలించుకుందామని డిస్క్రిమినేషన్, అంటే కొన్ని లోహాలకు పలకకుండా చేసే సెట్టింగు, పెంచేయడం. కూల్‌డ్రింక్ క్యాన్ మూతి రింగు, చాక్లెట్ రేకు, సన్నటి బంగారు ఉంగరం, ఈ మూడూ తెర మీద దాదాపు ఒకే అంకెల్లో పడతాయి. ఇక్కడి వాళ్లు పెట్టుకునే 9 క్యారెట్ల సన్న ఉంగరాలైతే మరీ రేకు పక్కనే కూర్చుంటాయి. మన 22 క్యారెట్ల మందపాటి ఉంగరం కాస్త పైన పలుకుతుంది. రేకులు వద్దనుకుంటే ఉంగరాలు కూడా వద్దనుకున్నట్టే. ఇనుమును మాత్రం వదిలేసి మిగతావన్నీ తవ్వండి. చలికాలంలో వెళ్లండి. తుఫాను గాలి తర్వాత పైనున్న ఇసుక కొట్టుకుపోయి పాతవి పైకి తేలతాయి. బీచ్ ఎవరి కౌన్సిల్ కిందికి వస్తుందో, అక్కడ డిటెక్టింగ్‌కి అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి. పేరు చెక్కిన ఉంగరం దొరికితే పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి.

బంగారు నేల: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

మెల్‌బోర్న్ నుంచి రెండు, రెండున్నర గంటల ప్రయాణంలో బల్లారట్, బెండిగో, మేరీబరో, డనోలీ, టార్నగల్లా, వెడర్‌బర్న్. 1851లో మొదలైన బంగారు వేట అక్కడి అడవుల్లో గుంటలు, మట్టిగుట్టలుగా ఇంకా కనిపిస్తుంది. మోలియాగుల్ దగ్గర 1869లో జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి చెట్టు వేళ్ల దగ్గర ఒకటిన్నర అంగుళం లోతులోపే దొరికిన వెల్‌కమ్ స్ట్రేంజర్ ముద్ద నికర బరువు 70 కిలోల పైనే. డనోలీలోని త్రాసు మీద అది పట్టక, కమ్మరి దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టాల్సి వచ్చింది. 1980లో కింగోవర్ దగ్గర కెవిన్ హిలియర్‌కు గ్యారెట్ మెటల్ డిటెక్టర్‌తో 27 కిలోల పైచిలుకు ముద్ద దొరికింది. హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అంటారు దాన్ని. అదీ నేల కింద అడుగు లోతులోనే ఉంది. ఇరవై అడుగుల ప్రశ్న వేసేవాళ్లకు నేను ఈ రెండు కథలే చెప్తుంటాను.

అంత పెద్దవి మనకు దొరుకుతాయని కాదు. దొరికేది ఎక్కువగా మెంతిగింజంత, ధనియమంత ముక్క. మెంతిగింజంత బంగారం 0.2 గ్రాములుంటుంది. సెనగగింజంతదైతే రెండు గ్రాములు దాటుతుంది, ఎందుకంటే బంగారం నీటికన్నా 19 రెట్లు బరువు. ఇంత చిన్నదాన్ని ఇనుప రాతితో నిండిన విక్టోరియా ఎర్రమట్టిలో పట్టాలి. మన రాయలసీమ ఎర్రనేల చూసినవాళ్లకు ఆ రంగు పరిచయమే. ఆ మట్టిలో మామూలు వీఎల్ఎఫ్‌కు నేలే ఒక పెద్ద లోహంలా కేకలేస్తుంది. మధ్య మధ్యలో హాట్ రాక్స్ అనే ఇనుప రాళ్లు అచ్చం బంగారంలాగే పలికి తవ్విస్తాయి.

ఆఫీసు కుర్రాడికి చెప్పిన మాట ఇదీ. సంవత్సరానికి రెండు మూడు సార్లు సరదాగా వెళ్తే, బీచ్‌కీ పార్కుకీ కూడా పనికొచ్చే ఒక్కటే మెషీన్ కావాలంటే, ఈక్వినాక్స్ 900 తీసుకో. 700లో బంగారం మోడ్ లేదు, 900లో ఉంది. పైసలు మిగులుతాయని 700 కొని తర్వాత బాధపడొద్దు. బంగారం మాత్రమే కావాలి, బడ్జెట్ పదిహేను వందల డాలర్ల లోపు అంటే మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000. 45 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది, తేలిక, పాత గనుల మట్టిగుట్టల మీద, బండరాయి బయటపడ్డ చోట చిన్న ముక్కలను బాగా పడుతుంది. ఇనుమేనా కాదా అని కూడా కొంత చెప్తుంది. ఎర్రమట్టి ముదిరిన చోట మాత్రం తడబడుతుంది.

ఆ ఎర్రమట్టిలో నిజంగా బంగారం తీయాలంటే పీఐ జాతే. మైన్‌ల్యాబ్‌దే ఎస్‌డీసీ 2300 మడతపెట్టి బ్యాగులో పెట్టుకునేది. కాయిల్ ఎనిమిదంగుళాలే, లోతు తక్కువ, చిన్న ముక్కల మీద మాత్రం గద్ద కళ్లు. వాగుల్లో మూడు మీటర్ల నీళ్లలోకీ దించొచ్చు. 2021లో వచ్చిన జీపీఎక్స్ 6000 చిన్నవీ పెద్దవీ రెండూ పడుతుంది, రెండు కిలోల చిల్లర బరువు, సెట్టింగులు తక్కువ, కొత్తవాడు కూడా గంటలో నేర్చుకుంటాడు. దాని దోషం ధర, కొత్తది దాదాపు ఎనిమిది తొమ్మిది వేల డాలర్లు. పైన కరెంటు తీగలుంటే గొణుగుతుంది. జీపీజడ్ 7000 లోతైన పెద్ద ముద్దల కోసం వెతికే పాతకాపులది. మూడు కిలోలు దాటిన బరువును సాయంత్రం దాకా మోయగలిగితేనే. సెకండ్ హ్యాండ్‌లో పాత జీపీఎక్స్ 4500, 5000 దొరికితే వదలొద్దు. పాతవైనా ఈ నేలలో ఇప్పటికీ గెలుస్తున్నాయి, కాకపోతే బోలెడు సెట్టింగులు నేర్చుకోవాలి.

ఇందులో నా మాటే చెప్పమంటే, బంగారమే లక్ష్యమైతే రెండు మధ్యస్థాయి మెషీన్లు కొనే డబ్బుతో సెకండ్ హ్యాండ్ పీఐ ఒకటి కొంటాను. ఇతర నేలల్లో ధర పెరిగేకొద్దీ లాభం కొద్దికొద్దిగానే పెరుగుతుంది. ఎర్రమట్టిలో మాత్రం జాతి మారితే ఫలితం మారుతుంది.

పీఐతో రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. చెవుల్లో సన్నటి హమ్. అది ఉన్నట్టుండి ఈల వేసినట్టు పైకి లేచి దిగుతుంది. ముందు బూటుతో పైమట్టి తోసేసి మళ్లీ ఊపి చూస్తాం. ఇంకా ఉందంటే చిన్న పికాక్స్‌తో రెండు దెబ్బలు. సిగ్నల్ గుంటలోంచి కుప్పలోకి వచ్చాక ఒక ప్లాస్టిక్ గరిటెలో మట్టి ఎత్తి కాయిల్ మీద ఊపుతాం. పలికితే అందులో సగం అరచేతిలోకి, మిగతా సగం మళ్లీ ఊపుతాం. పలకని సగం పారెయ్. అలా సగం సగం చేసుకుంటూ పోతే చివరికి అరచేతిలో చిటికెడు మట్టి, అందులో ఒక గింజ. దాన్ని నాలుకతో తడిపి రుద్దితే తెలుస్తుంది. పదింటికి తొమ్మిదిసార్లు అది సీసం రవ్వ, లేదా నూటేభై ఏళ్ల కిందటి ఎవరో పనివాడి బూటు మేకు. సీసం, బంగారం రెండూ ఒకేలా పలుకుతాయి. తొమ్మిదోసారి విసిగి తవ్వడం మానేసినవాడికి పదోది దొరకదు.

విక్టోరియాలో బంగారం వెతకాలంటే మైనర్స్ రైట్ అనే అనుమతి కాగితం ఉండాలి. పదేళ్లు చెల్లుతుంది, ఖరీదు ఒక కుటుంబం పిజ్జా తిన్నంత. అది ఉంటే దొరికిన బంగారం మీదే. చేతి పనిముట్లు మాత్రమే వాడాలి, తవ్విన గుంటలన్నీ పూడ్చాలి. నేషనల్ పార్కుల్లో కొన్నింట్లో గుర్తించిన భాగాల్లోనే అనుమతి, మిగతా చోట్ల కుదరదు. ఎండాకాలం వెళ్లొద్దు, గోధుమరంగు తాచులుంటాయి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ మేలు. పాత గని గుంటల చుట్టూ మట్టి గుల్లగా ఉంటుంది, పిల్లలను వదలొద్దు.

పార్కులు, పాత నాణేలు

ఇక్కడ పెద్దగా చెప్పేదేం లేదు. పచ్చికలో, పాత మైదానాల్లో నాణేల కోసమైతే వాన్‌క్విష్, ఎక్స్-టెర్రా ప్రో, నోక్టా సింప్లెక్స్ లాంటివి చాలు. చెత్త ఎక్కువున్న చోట చిన్న కాయిల్ వెయ్యండి. ఆస్ట్రేలియాలో 1966కి ముందు పెన్నీలు, షిల్లింగులు. 1946కి ముందు వెండి నాణేల్లో 92.5 శాతం వెండి. ఆ ఏళ్లు గుర్తుంటే చాలు. అనుమతి ముందే తీసుకోండి.

పొలాల్లో పురాతన వస్తువుల వేటకు స్వర్గం ఇంగ్లండ్. అక్కడి డిటెక్టరిస్టులు డియస్ 2 లాంటి వేగంగా స్పందించే మెషీన్లు ఇష్టపడతారు, మేకుల మధ్యలో నాణేన్ని విడదీసి వినాలి కాబట్టి. అయినా చరిత్ర చూడండి. 1992లో హాక్స్‌న్ ఊళ్లో ఎరిక్ లాస్ అనే ఆయన ఒక రైతు పొలంలో పోయిన సుత్తిని వెతుకుతూ దాదాపు పదిహేను వేల రోమన్ నాణేలున్న నిధి మీద పడ్డాడు. సుత్తీ దొరికింది, అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 2009లో స్టాఫర్డ్‌షైర్ నిధి కనిపెట్టిన టెర్రీ హెర్బర్ట్ చేతిలో ఉన్నది పద్నాలుగేళ్ల పాత మెషీన్. ఆ నిధి విలువ 32.85 లక్షల పౌండ్లుగా కట్టారు. అక్కడ గెలిచింది సరైన పొలం, రైతు అనుమతి. 1996 నాటి ట్రెజర్ యాక్ట్ ప్రకారం నిధి దొరికితే అధికారులకు చెప్పాలి. అక్కడ ఆ అలవాటు బాగా నాటుకుంది.

ఇక బామ్మర్ది, లంకెబిందెలు

పెద్ద ఇత్తడి బిందెలాంటిది లోతులో ఉంటే పట్టే మెషీన్లు నిజంగానే ఉన్నాయి. టూ బాక్స్ అంటారు. ఒక కర్రకు ముందొక పెట్టె, వెనకొక పెట్టె. అవి ఒకటి రెండు మీటర్ల లోతులోని పెద్ద లోహాన్ని పట్టగలవు. నాణేన్ని, ఉంగరాన్ని అసలు చూడవు. కాబట్టి "ఇరవై అడుగుల లోతులో నాణెం" అన్న మెషీన్ భూమ్మీద లేదు.

మన దగ్గర గుప్తనిధుల పేరుతో అమ్మేవి వేరే రకం. చేతిలో పట్టుకుంటే ఏంటెన్నా కడ్డీ తనంతట తానే తిరిగి బంగారం వైపు చూపిస్తుందంటారు, "లాంగ్ రేంజ్ లొకేటర్" అంటారు, లక్షలు చెప్తారు. లోపల ఏమీ ఉండదు. ఇలాంటి కడ్డీనే బాంబులు కనిపెట్టే పరికరమని ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెకార్మిక్ అనే బ్రిటిష్ వ్యాపారికి 2013లో పదేళ్ల జైలు పడింది. ఏడీఈ 651 అని పేరు పెట్టాడు, దాని మూలం గోల్ఫ్ బంతులు వెతుకుతుందని ఇరవై డాలర్లకు అమ్మిన ఒక బొమ్మ. కడ్డీ తిప్పేది బంగారం కాదు, పట్టుకున్నవాడి మణికట్టు.

బామ్మర్దికి అసలు అడ్డం చట్టం. మెషీన్ మంచిదైనా సరే. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ప్రకారం నేలలో దాచిన సొమ్ము పది రూపాయలకు మించిన విలువదైతే, ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అని కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. దాచేస్తే ఏడాది దాకా జైలు. నిజాయితీగా చెప్పి, అది నిధే అని తేలి, సొంతదారు ఎవరూ రాకపోతే, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోదల్చితే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. ఇక బురుజు కేంద్ర రక్షిత కట్టడమైతే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కిందికి పోతుంది, వంద మీటర్ల దాకా తవ్వడానికే వీల్లేదు. అందుకే వాడికి మెషీన్ పంపలేదు. పంపితే మా అత్తగారు నాతో మాట్లాడడం మానేసేవారు, అది వేరే సంగతి.

"మరి జొన్నగిరి వజ్రాలకైనా పనికొస్తుందా?" అన్నాడు. తొలకరి పడగానే జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి పొలాల్లో జనం వంగి నడుస్తూ వజ్రాలు వెతకడం మా వైపు ప్రతి ఏడూ చూసేదే. వజ్రం బొగ్గుకు చుట్టం, లోహం కాదు. ప్రపంచంలోని ఏ మెటల్ డిటెక్టరూ దానికి పలకదు. అక్కడ పనికొచ్చేది ఎండ, కళ్లు, వంగే నడుము. ఉప్పాడ తీరంలో 2020 నవంబర్‌లో నివర్ తుఫాను తర్వాత మత్స్యకారులు ఇసుకలో బంగారు పూసలు ఏరుకున్నప్పుడు కూడా వాళ్ల చేతుల్లో ఉన్నవి దువ్వెనల్లాంటివే. ఇసుక రేణువుకన్నా కాస్తే పెద్దవైన పూసలకు అదే సరైన పరికరం.

కొనేటప్పుడు

బడ్జెట్‌లో పాతిక శాతం పక్కన పెట్టండి. పిన్ పాయింటర్ అనే చిన్న చేతి కర్ర లేకుండా గుంటలో వెతకడం కళ్లకు గంతలు కట్టుకుని కందిపప్పులో రాయి ఏరడం. గ్యారెట్ ప్రో పాయింటర్ ఏటీ క్యారెట్ రంగులో ఉంటుంది, గడ్డిలో పడినా కనబడుతుంది, నీళ్లలోనూ పనిచేస్తుంది. బీచ్‌కి పొడుగు పిడి స్కూప్, బంగారానికి ప్లాస్టిక్ గరిటె, చిన్న పికాక్స్, హెడ్‌ఫోన్.

మైన్‌ల్యాబ్ పేరుతో నకిలీలు మార్కెట్లో తిరుగుతున్నాయి, కంపెనీయే హెచ్చరిస్తుంటుంది. సగం ధరకు కొత్త జీపీఎక్స్ అంటే పారిపోండి. సెకండ్ హ్యాండ్ అయితే సీరియల్ నంబర్ అడిగి, మీ సొంత ఉంగరం, ఒక మేకు, ఒక రేకు ముక్క తీసుకెళ్లి అతని పెరట్లోనే ఊపి చూడండి. ఆ మూడింటికీ స్పష్టంగా పలుకుతుందో లేదో మీ చెవే చెప్పాలి.

కొనడానికి ముందు అద్దెకు తీసుకునే దారి కూడా ఉంది. బంగారు ఊళ్లలోని ప్రాస్పెక్టింగ్ దుకాణాల్లో పీఐ మెషీన్లు రోజు అద్దెకిస్తారు, వాడే విధానం పది నిమిషాలు చూపిస్తారు. ఆఫీసు కుర్రాడు రెండు రోజులకు జీపీఎక్స్ 6000 అద్దెకు తీసుకుని డనోలీ వెళ్లాడు. సోమవారం పొద్దున నా డెస్క్ మీద ఒక అగ్గిపెట్టె పెట్టి తెరిచాడు. పద్నాలుగు మేకులు, మూడు సీసపు గుండ్లు, చివర్లో దూదిలో చుట్టిన మెంతిగింజంత బంగారం. ఇప్పుడు వాడు సెకండ్ హ్యాండ్ ఎస్‌డీసీ 2300 వెతుకుతున్నాడు. వాళ్లావిడ అద్దె, పెట్రోలు, టెంటు కలిపి ఆ గింజ గ్రాముకు ఎంత పడిందో లెక్క కడుతోంది.